రేకులకీ ఫాల్స్ సీలింగ్‌కీ మధ్య వేడి ఉడికిపోతోంది, టర్బో వెంటిలేటర్లు పెడితే చాలా?

మేడమీది_పోర్షన్ (హన్మకొండ) అడిగింది:

ఇల్లు నయీంనగర్ వైపు. కింద స్లాబు, పైన ఐరన్ ట్రస్ మీద కలర్ కోటెడ్ రేకులు, మెరూన్ రంగు. కొలతలు 30 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు. రెండు వైపులా వాలు, కొప్పు 30 అడుగుల పొడవునా ఉంది. లోపల జిప్సమ్ ఫాల్స్ సీలింగ్. సీలింగ్‌కీ రేకుకీ మధ్య గోడల దగ్గర 2 అడుగులు, నడుమ కొప్పు కింద 5 అడుగుల ఖాళీ. చూరు బయటికి అడుగున్నర. రేకు గట్ల కింద సందులన్నీ పిట్టలు, ఎలుకలు రాకుండా కట్టినప్పుడే సిమెంటుతో పూడ్చేశారు.

ఏప్రిల్ నుంచి రాత్రి 12 దాటినా సీలింగ్ నుంచి సెగ దిగుతూనే ఉంటుంది. ఏసీ వేసినా గది చల్లబడటానికి చాలా టైం తీసుకుంటోంది. రేకుల పని చేసేవాళ్లు 24 అంగుళాల టర్బో వెంటిలేటర్లు (కప్పు మీద గాలికి తిరిగే గుండ్రటి చక్రాలు) రెండు పెడితే వేడంతా లాగేస్తాయంటున్నారు. పెట్టించమంటారా? పెడితే ఎక్కడ, ఎన్ని? ఇంకేమైనా చేయాలా? మృగశిర కార్తె లోపు పని అయిపోవాలని ఉంది.

---

చూరుగాలి:

టర్బోలు తప్పు కాదు. కానీ మీ ఇంటికి ఈరోజు ఉన్నది ఉన్నట్టుగా పెడితే డబ్బు దండగ, పైగా కరెంటు బిల్లు పెరుగుతుంది. ఎందుకో చెప్తాను.

నూనె డబ్బాకి ఒక్క చిల్లే పెట్టి వంచితే నూనె గుటక గుటకగా ఆగి ఆగి పడుతుంది. వెనక ఇంకో చిల్లు పెడితే ధార కడుతుంది. మీ రేకుల కింద ఖాళీ కూడా అలాంటి డబ్బానే. పైన ఎంత పెద్ద నోరు తెరిచినా, కింద గాలి దూరే దారి లేకపోతే వేడిగాలి కదలదు. టర్బో తిరుగుతూ లాగుతుంది కాబట్టి గాలి ఎక్కడో ఓ చోటు నుంచి రావాలి. మీ ఇంట్లో దొరికే దారి ఒక్కటే: ఫాల్స్ సీలింగ్‌లో లైట్ల చిల్లులు, ఫ్యాన్ రాడ్ చుట్టూ సందు, బోర్డు అంచులు. అంటే మీరు ఏసీతో చల్లబరిచిన గాలిని టర్బో పైకి లాగి బయట పారేస్తుంది. ఆ లోటు తీరడానికి కిటికీ సందుల నుంచి 43 డిగ్రీల గాలి గదిలోకి దిగుతుంది.

అందుకే ముందు కింది దారి, తర్వాతే పై దారి.

ఎంత ఖాళీ కావాలో లెక్క చూద్దాం. అమెరికా ఇళ్ల కోడ్‌లో అటక నేల విస్తీర్ణంలో 150వ వంతు గాలి దారి ఉండాలంటారు. మీది 720 చదరపు అడుగులు, 150తో భాగిస్తే 4.8 చదరపు అడుగులు, అంటే సుమారు 690 చదరపు అంగుళాలు. అందులో సగం కింద, సగం పైన. అయితే ఆ లెక్క ముఖ్యంగా చెమ్మ పోవడానికి పెట్టుకున్నది. మన రోహిణి కార్తె ఎండకి అది కనీసం మాత్రమే. మీ ఖాళీ ఎత్తు కూడా తక్కువ. వేడిగాలి పైకి లాగే బలం ఎత్తును బట్టి వస్తుంది, పొగగొట్టం పొడుగ్గా ఉంటే బాగా లాగినట్టు. కాబట్టి రెట్టింపు తీసుకోండి: కింద 690, పైన 690.

ఈ అంకె జాలి పోగా మిగిలే ఖాళీ అని గుర్తుంచుకోండి. అందరూ పొరబడేది ఇక్కడే. దోమల జాలి బిగిస్తే కన్నంలో దాదాపు సగం మూసుకుపోతుంది. ఏడాదికల్లా దుమ్ము, పత్తి నూగు పట్టి మిగతా సగం కూడా పోతుంది. అర అంగుళం జాలిలో చిట్టెలుక దూరుతుంది. పావు అంగుళం గళ్ల జీఐ (జింకు పూత ఇనుప) జాలి మీకు సరైనది. దానిలో సుమారు 70 శాతం గాలి పోతుంది.

9 అంగుళాలకు 9 అంగుళాల కన్నం అంటే 81 చదరపు అంగుళాలు, జాలి పోగా 57. అలాంటివి 12 పెడితే 684. పొడుగు గోడలు రెండింటికీ ఆరేసి. మూల నుంచి రెండున్నర అడుగులకు మొదటిది, తర్వాత ఐదేసి అడుగులకు ఒకటి. ఎత్తు విషయానికొస్తే, చూరుకి ఆనించి కాదు, ఫాల్స్ సీలింగ్‌కి 6 అంగుళాల పైన. అలా అయితే గాలి సీలింగ్ మీదుగా పాకి కొప్పుకి ఎక్కుతుంది. చూరు దగ్గరే దూరితే రేకు వెంటే పైకి పోయి, సీలింగ్ మీద నిలిచిన వేడి అక్కడే ఉండిపోతుంది. మీకు అడుగున్నర చూరు ఉంది కాబట్టి మామూలు వానకి జల్లు కొట్టదు. అయినా కన్నం అడుగును బయటికి వాలుగా, అర అంగుళం తేడాతో ప్లాస్టరింగ్ చేయించండి. ట్రస్ కాలు గోడ మీద ఆనిన చోటుకు అడుగు దూరం వదలాలి. దాని కిందే కొడితే ఇటుక పగులుతుంది. సుత్తి, ఉలితో కాకుండా కటింగ్ మిషన్‌తో నాలుగు అంచులూ కోసి తర్వాత తట్టమనండి.

ఇలా చేస్తే గాలి ఆడని రోజున కూడా, లోపల బయటికన్నా 15 డిగ్రీలు ఎక్కువ ఉందనుకుంటే, మీ ఖాళీలోని గాలి మొత్తం సుమారు 6 నిమిషాలకోసారి మారుతుంది. కోడ్ కనీసమే పెడితే 12 నిమిషాలు పడుతుంది.

ఇప్పుడు ఇంకో మాట. గాలి మారినా సగం సమస్యే తీరుతుంది. మే మధ్యాహ్నం ముదురు రంగు రేకు 65, 70 డిగ్రీలకు పోతుంది. అది కింద సీలింగ్‌ని నేరుగా సెగతో కాలుస్తుంది. పొయ్యి ముందు కూర్చున్నప్పుడు గాలి వీస్తున్నా ముఖం కాలడం లేదూ, అలాగే. ఈ సెగను గాలి ఆపదు. దాన్ని ఆపేది తెల్ల రంగు, మెరిసే అల్యూమినియం ఫాయిల్. మెరూన్ రేకు ఉన్నంతకాలం మీరు ఎండతో ఎదురీదుతున్నట్టే. 2023లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఈ తెల్లకప్పుల కోసమే.

సున్నం మాత్రం కొట్టకండి. కలర్ కోటెడ్ రేకు నున్నగా ఉంటుంది, మొదటి వానకే కారిపోతుంది, పైగా సున్నం ఘాటు జింకు పూతను తినేస్తుంది. సోపు నీళ్లతో కడిగి, సన్న ఎమెరీ కాగితంతో మెరుపు చెడేదాకా రుద్ది, మెటల్ ప్రైమర్ ఒక చేయి, హీట్ రిఫ్లెక్టివ్ తెల్ల పూత రెండు చేతులు. రంగు కొనేటప్పుడు 720 లెక్కన కొనకండి. వాలు, చూరు కలిపి మీ కప్పు 920 చదరపు అడుగుల దాకా వస్తుంది, గట్ల వంపులకి ఇంకో 10–15 శాతం కలుపుకోండి.

---

ట్రస్_వర్క్స్_కాజీపేట:

పైన చెప్పినదంతా కరెక్టు. పై దారి గురించి నేను చెప్తా, ఎందుకంటే పని చెడేది అక్కడే.

రెండు మార్గాలు ఉన్నాయి. ఒకటి, కొప్పు రేకు లేపడం. మేం రిడ్జ్ అంటాం. దాన్ని విప్పి, కింద రెండు వైపులా అంగుళంన్నర ఎత్తు స్పేసర్లు పెట్టి మళ్లీ బిగించాలి. రెండు కొసల్లో అడుగు అడుగు మూసేస్తే 28 అడుగులు మిగులుతుంది. 336 అంగుళాలు, అంగుళంన్నర, రెండు వైపులు కలిపి 1008. జాలి పోగా 705. మీకు కావలసిన 690కి సరిగ్గా సరిపోయింది.

కానీ రిడ్జ్ ఊరికే లేపితే వాన లోపలికి వస్తుంది. మూడు పనులు తప్పనిసరి. రేకు పై అంచును పళ్లెం (గట్టుకీ గట్టుకీ నడుమ చదును భాగం) ఉన్న చోట అంగుళం పైకి మడవాలి, నీళ్లు గాలికి ఎదురెక్కినా ఆ మడత దగ్గర ఆగుతాయి. రిడ్జ్ రెక్క ప్రతి వైపూ రేకు మీదికి కనీసం 8 అంగుళాలు దిగాలి. మీది 5–6 ఉంటే కొత్తది చేయించండి. జాలిని రెక్క అంచుకి కాకుండా లోపలికి, మడతకి ఆనించి బిగించాలి. బయట బిగిస్తే ఆకులు పేరుకుని నీళ్లను ఆపి లోపలికి తోస్తాయి.

రెండోది టర్బో. 24 అంగుళాల గొంతు అంటే 452 చదరపు అంగుళాలు. రెండు పెడితే 904. కాబట్టి మీకు చెప్పిన సంఖ్య తప్పేం కాదు, రెండే చాలు. కొప్పు నుంచి అడుగు లోపు, రెండు కొసల నుంచి ఏడున్నర అడుగులకు ఒక్కోటి. ఎక్కడ చెడుతుందంటే, వాలు నడుమ గుండ్రంగా కోసి, టర్బో కూర్చోబెట్టి, చుట్టూ సిలికాన్ పూసి దిగిపోతారు. ఎండకి రేకు సాగుతుంది, రాత్రికి ముడుచుకుంటుంది. ఆ సిలికాన్ పగిలి వానాకాలంలో ఊడిపోతుంది. అలా కాకుండా, మీ రేకు గట్లకు సరిపోయే బేస్ ప్లేట్ కావాలి. ఆ ప్లేట్ పై అంచు రిడ్జ్ కిందికి దూరాలి, కింది అంచు రేకు మీదికి రావాలి. అప్పుడు నీళ్లు ప్లేట్ మీదుగా జారిపోతాయి, సిలికాన్ మీద భారం ఉండదు. బేస్ ప్లేట్ లేకుండా వచ్చేవాళ్లను వెనక్కి పంపండి.

రెండూ కలిపి మాత్రం పెట్టొద్దు. టర్బోకి దగ్గర్లో రిడ్జ్ తెరిచి ఉంటే అది కింది నుంచి కాకుండా ఆ రిడ్జ్ నుంచే గాలి లాగుతుంది. వాన పడుతుంటే ఆ గాలితో జల్లు కూడా లోపలికొస్తుంది.

నా ఓటు రిడ్జ్‌కే. తిరిగే భాగం లేదు, బేరింగ్ అరగదు, కీచుమనదు, కోతులు దాని మీద కూర్చుని వంచలేవు. మన వైపు కోతుల సంగతి తెలిసిందే. టర్బో రెక్క ఒక్కటి వంగినా చక్రం ఒరుసుకుంటుంది, రాత్రి గాలికి ఆ చప్పుడు కింద పడకగదిలోకి వినిపిస్తుంది.

ఇంకొక్కటి, ఎవరూ చెప్పనిది. కింద కన్నాలు పెట్టాక ఏప్రిల్, మేలో వచ్చే గాలిదుమారానికి రేకుల కింద ఒత్తిడి పెరుగుతుంది. పైన గాలి లాగుతుంది, కింద గాలి తోస్తుంది. అందుకే పని మొదలెట్టే ముందే స్క్రూలు చూడండి. చూరు పక్కనున్న పర్లిన్ (రేకులు బిగించే అడ్డ ఇనుప బద్దె) మీద, కొప్పు పక్కనున్న పర్లిన్ మీద ప్రతి గట్టు దగ్గరా స్క్రూ ఉండాలి. నడుమ పర్లిన్ల మీద గట్టు విడిచి గట్టు ఉన్నా నడుస్తుంది. వాషర్ రబ్బరు గోటితో నొక్కితే మెత్తగా లోపలికి దిగాలి. పెంకులా బిరుసుగా ఉంటే, అంచుల్లో సన్న పగుళ్లుంటే మార్చేయండి. స్క్రూ మరీ బిగించినా తప్పే, రబ్బరు గొడుగులా బయటికి చిట్లుతుంది. వాషర్ అంచుకి రబ్బరు ఓ నూలుపోగు మందం కనిపించేంత వరకే బిగించాలి.

---

మేడమీది_పోర్షన్:

చాలా థాంక్స్ అన్నా, ఇద్దరికీ. రిడ్జ్ వైపే వెళ్తాను. ఇంకో సంగతి మొదట రాయలేదు. సీలింగ్‌లో అక్కడక్కడ గోధుమరంగు మరకలు, వంటింటి మూల నల్లటి బూజు. విచిత్రం ఏంటంటే కొన్ని మరకలు డిసెంబర్, జనవరిలో వచ్చాయి, అప్పుడు వానే లేదు. వంటింటి చిమ్నీ గొట్టం సీలింగ్ పైకి పోతుంది, అక్కడి నుంచి ఎటు పోతుందో తెలీదు. ఫాయిల్ కూడా చేయిద్దామనుకుంటున్నా, ఎలా వేయాలి?

---

చూరుగాలి:

ముందు చిమ్నీ. సీలింగ్‌లో ఓ బోర్డు తీసి టార్చ్ వేసి చూడండి. గొట్టం అక్కడే వదిలేసి ఉండొచ్చు, ఇది చాలా ఇళ్లలో కనిపించే తప్పు. పోపు పొగ, అన్నం ఆవిరి అంతా ఆ ఖాళీలో చేరి రేకు అడుగున పట్టి, చుక్కలుగా జిప్సమ్ మీద పడుతుంది. నూనె జిడ్డు మీద బూజు బాగా పెరుగుతుంది. గొట్టాన్ని గోడ బయటికి తీసి, చివర మూత రెక్క పెట్టాలి. బాత్రూం ఎగ్జాస్ట్ ఫ్యాన్ కూడా అదే ఖాళీలోకి ఊదుతుంటే అదీ బయటికి మళ్లించాలి. మీరు ఎన్ని కన్నాలు పెట్టినా ఇది సరిచేయకపోతే బూజు పోదు.

చలికాలం మరకలు కారడం వల్ల కాదు, మంచు వల్ల. మబ్బులేని రాత్రి రేకు తన వేడిని ఆకాశానికి వదిలేసి బయటి గాలికన్నా చల్లబడుతుంది. లోపలి చెమ్మ దాని అడుగున నీటి బొట్లు కడుతుంది. జనవరిలో తెల్లవారుజామున 5:30కి టార్చ్ వేసి చూస్తే తెలుస్తుంది. రేకు అడుగున బియ్యపు గింజలంత బొట్లు వరసగా, స్క్రూ మొనల దగ్గర మాత్రం శనగ గింజంత పెద్దవి వేలాడుతుంటాయి. ఎండ పొడ తగలగానే అవన్నీ ఒక్కసారి రాలుతాయి. మరక ఏ రకమో గుర్తుపట్టడం తేలిక. స్క్రూ వరస వెంబడే ఉండి, వాన పడ్డ రోజు తడిగా ఉంటే కారుతున్నట్టు. ఎక్కడపడితే అక్కడ చిన్న చిన్న చుక్కలుగా ఉంటే మంచు.

గాలి దారి ఉంటే ఈ చెమ్మ చాలావరకు పోతుంది. ఫాయిల్ వేశాక మిగతాది కూడా తగ్గుతుంది.

ఫాయిల్ సంగతి. రెండు వైపులా అల్యూమినియం ఉన్న బబుల్ షీట్ తీసుకోండి. పర్లిన్ల కింది వైపు బిగించాలి. రేకుకి ఆనించి అంటించకూడదు. మెరుపు వైపు గాలి ఖాళీ లేకుండా దేనికైనా ఆనుకుంటే సెగ నేరుగా పాకిపోతుంది, అప్పుడు అది మామూలు ప్లాస్టిక్ కాగితమే. పర్లిన్ లోతు ఉంది కాబట్టి మీకు ఆ ఖాళీ దానంతటదే వస్తుంది. కొప్పు దగ్గర రెండు వైపులా 3 అంగుళాలు, గోడల దగ్గర 3 అంగుళాలు వదిలేయండి. లేకపోతే ఫాయిల్‌కీ రేకుకీ మధ్య గాలి బందీ అయిపోతుంది, మీరు తెరిచిన రిడ్జ్‌కి వేడి చేరదు. 744 చదరపు అడుగులు పడుతుంది, అతుకులకి 10 శాతం కలపండి. షీట్ మీద షీట్ 2 అంగుళాలు ఎక్కాలి, పై షీట్ అంచు కింది షీట్ మీద పడాలి. పొరపాటున చుక్క పడినా గోడ వైపుకి జారాలి.

ఫాయిల్ గుండా కరెంటు పారుతుంది. పని మొదలెట్టే ముందు మెయిన్ ఆపించండి. సీలింగ్ మీద జాయింట్లు టేపు చుట్టి వదిలేసి ఉంటాయి, వాటన్నిటినీ పీవీసీ డబ్బాల్లో పెట్టించండి. ఆస్ట్రేలియాలో 2009–10లో ప్రభుత్వ ఇన్సులేషన్ పథకం నడిచినప్పుడు నలుగురు పనివాళ్లు చనిపోయారు. ఫాయిల్‌కి లోహపు పిన్నులు కొడుతుంటే తీగకు తగిలి పోయినవాళ్లూ వారిలో ఉన్నారు. ప్లాస్టిక్ వాషర్లున్న స్క్రూలు, జీఐ తీగ వాడండి.

ఇక జిప్సమ్ మీద 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ (రాతి నార దుప్పటి) పరిస్తే రాత్రి సెగ ఇంకా తగ్గుతుంది. 48 డెన్సిటీ (ఘనపు మీటరుకు 48 కిలోలు) అయితే చదరపు మీటరుకు 2.4 కిలోలు, మీ మొత్తానికి సుమారు 160 కిలోలు. సీలింగ్ వేలాడే పట్టీలు సన్న తీగవైతే ముందు వాటిని గట్టి చేయించాలి. గోడ కన్నాల ముందు 6 అంగుళాలు, ఎల్ఈడీ లైట్ల డ్రైవర్ డబ్బాల చుట్టూ 3 అంగుళాలు వదలండి. థర్మోకోల్ మాత్రం వద్దు. తీగల పక్కన అది ఉండకూడదు, అంటుకుంటే కరిగి మంటతో సహా కింద పడుతుంది.

జులై, ఆగస్టులో ఏసీ 18 మీద పెట్టే అలవాటుంటే మానేయండి. బయటి గాలి తేమతో బరువుగా ఉంటుంది, ఇప్పుడు ఆ గాలి మీ సీలింగ్ మీదుగా పోతుంది. బోర్డు మరీ చల్లబడితే దాని పై మొహం చెమరుస్తుంది. 25, 26 దగ్గర ఆ ఇబ్బంది రాదు.

డబ్బు ఒక్కసారి సరిపోకపోతే నా వరస ఇది: చిమ్నీ గొట్టం, కింది కన్నాలు, రిడ్జ్, తెల్ల రంగు. ఫాయిల్, రాక్‌వూల్ తర్వాత ఎప్పుడైనా.

---

ట్రస్_వర్క్స్_కాజీపేట:

ఒక్క చోట నేను ఒప్పుకోను. తెల్ల రంగు కన్నా ఫాయిల్ ముందు పెట్టండి. దుమ్ము, నాచు పట్టి తెల్ల రంగు మాసిపోతుంది, ఏటా ఉగాది ముందు కడగాలి. కడగని ఇళ్లే ఎక్కువ. ఫాయిల్ కింది మెరుపు మొహం కిందికి చూస్తుంది, దాని మీద దుమ్ము కూర్చోదు.

---

చూరుగాలి:

కడగరు అనుకుంటే మీ మాటే సరి. కానీ తెల్ల రంగు రేకునే చల్లగా ఉంచుతుంది. దాంతో రేకు సాగడం, ముడవడం తగ్గి స్క్రూ వాషర్లు ఎక్కువ కాలం వస్తాయి. ఏటా రెండు బకెట్ల సోపు నీళ్లు, ఒక చీపురు, ఓ పొద్దుటి పని, అంతే. మేడ మీదే ఉంటారు కాబట్టి వీళ్లు చేయగలరు.

---

పరకాల_పాతిల్లు:

ఇక్కడే నాదీ అడుగుతా. మాది బెంగుళూరు పెంకుల ఇల్లు, వాసాలు టేకు. గదుల మీద చెక్కల అటుక. కోతులు పెంకులు పగలగొడుతుంటే వాన కారకుండా పెంకుల కింద నల్ల టార్పాలిన్ వేయించిన్రు. అప్పటి నుంచి అటుక మీద పెట్టినవన్నీ మెత్తబడుతున్నయి, పసుపు కొమ్ములకు బూజు పట్టింది. పెంకులు ఆనే రీపర్ల మీద తెల్లగా ఏదో పేరుకుంది. పైన ఏదన్నా ఫ్యాన్ పెట్టాల్నా?

---

దూలంవాసం:

ఫ్యాన్ వద్దక్కా. పెంకుటింటికి వేరే వెంటిలేటర్ అక్కర్లేకుండనే కట్టిన్రు పెద్దలు. పెంకుకు పెంకుకు నడుమ సందుల నుంచే కప్పంతా ఊపిరి తీసుకుంటది. ఆ టార్పాలిన్ ఒక్కటే దానికి ముక్కు మూసింది. చెమ్మ పైకి పోయి టార్పాలిన్ అడుగున ఆగుతది, పెంకు సందుల్ల పడ్డ వాన టార్పాలిన్ పైన ఆగుతది. రీపర్లు అటు ఇటు తడిల నానుతయి. మీరు చెప్పిన తెల్లది బూజే. గోటితోని గీకి చూడుండ్రి, కింద చెక్క మెత్తగ పొడిలెక్క రాలితే ఆ రీపరు పోయినట్టే, మార్చాలె. గట్టిగ ఉంటే తుడిచి ఎండ తగలనిస్తే చాలు. చెక్క మీద మట్టి గీతలు కనబడితే మాత్రం చెదలు, అది వేరే మందు పని.

కోతుల కోసం కింద పొర కావాల్నంటే దాని పద్ధతి ఉన్నది. పెంకులు దించి, రీపర్లు పీకి, వాసాల మీద షీటు పరవాలె. వాసానికి వాసానికి నడుమ అంగుళం కిందికి జారేటట్టు వదులుగ ఉండాలె, బిగించి లాగొద్దు. దాని మీద ప్రతి వాసం వెంబడి నిలువుగ అంగుళం మందం పట్టె కొట్టాలె. ఆ పట్టెల మీద అడ్డంగ రీపర్లు, వాటి మీద పెంకులు. ఇట్ల చేస్తే పగిలిన పెంకుల నుంచి పడ్డ నీళ్లు రీపరు కిందికెల్లి జారి చూరు బయట పడతయి, ఆ అంగుళం సందుల గాలి కూడ ఆడతది. ఇప్పుడు మీ ఇంట్ల ఆ నిలువు పట్టె లేదు, రీపరు నేరుగ టార్పాలిన్‌కు ఒత్తుకుని నీళ్లను కట్టలెక్క ఆపుతుంది. పైన కొప్పు దగ్గర షీటును రెండు దిక్కుల రెండేసి అంగుళాలు కోసి వదిలేయాలె. కింద అంచు చూరు రీపరు దాటి రెండు అంగుళాలు బయటికి రావాలె, లేకపోతే నీళ్లు గోడల దిగుతయి.

అంత పని ఇప్పుడు కాదంటే, ఈ వానాకాలం గడవడానికి కొప్పు దగ్గర టార్పాలిన్ రెండేసి అంగుళాలు కోసేయుండ్రి. కొప్పు పెంకులు సున్నంతోని పూర్తిగ పూడ్చి ఉంటే నాలుగైదు చోట్ల జాలి పెట్టి తెరవాలె. రెండు కొసలకు ముక్కోణం గోడలు ఉంటే వాటి పైభాగంల ఎదురెదురుగ అడుగున్నర చెక్క రెక్కల కిటికీ, లోపలికి పావు అంగుళం జాలి. ఒక్క గోడకే పెడితే గాలి ఆడదు. గబ్బిలాలుంటే పిల్లలు ఎగిరే దాక ఆగి మూయాలె, లోపల చస్తే ఆ వాసన పోదు.

అటుక మీద సామాను వాలుకు ఆనించి పెడతరు అందరు. అడుగు జాగ వదులుండ్రి. గంగాళాలు, బిందెలు బోర్లించకుండ పక్కకు వాల్చి పెడితే లోపల చెమ్మ ఆగదు. పసుపు కొమ్ములు మళ్లీ ఎండబెట్టి గోనె సంచిల పోసి, సంచి కింద రెండు చెక్కపట్టెలు వేసి పెట్టుండ్రి. ప్లాస్టిక్ సంచి వద్దు.

---

మేడమీది_పోర్షన్:

మా వెనక గదికి పాత సిమెంటు రేకులున్నాయి. దానికి కూడా ఇలాగే కన్నం పెట్టి గాలి దారి చేయొచ్చా?

---

చూరుగాలి:

రేకుకి చేయి పెట్టకండి. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. కోసినా, డ్రిల్ చేసినా కంటికి కనబడని నారలు గాల్లో కలిసి ఊపిరితిత్తుల్లో ఉండిపోతాయి. గోడకే పై కన్నాలు, కింది కన్నాలు పెట్టుకోండి. మొత్తంగా దించే రోజు వస్తే నీళ్లు చల్లి తడిపి, పగలగొట్టకుండా ముక్క ముక్క దించాలి. పైకి ఎక్కేవాళ్లు నేరుగా అడుగు వేయొద్దు, పాత రేకు కాలి కింద ఒక్కసారిగా విరుగుతుంది. పలక వేసి దాని మీదే నడవాలి.

ఇక మేడ మీద పని అయ్యాక సరిగ్గా వచ్చిందో లేదో ఇలా చూడండి. మధ్యాహ్నం 3కి సీలింగ్ హ్యాచ్ (పైకెక్కే మూత) తెరవకుండా, నిచ్చెన మీద బయటి నుంచి ఓ గోడ కన్నం ముందు ఊదుబత్తి పట్టుకోండి. పొగ కన్నంలోకి వంగి దూరాలి. 12 కన్నాల దగ్గరా చూడండి. అన్నిటిలోనూ దూరితే పని బాగుంది. ఒక వైపు ఆరింటిలో దూరి, ఎదుటి ఆరింటి నుంచి బయటికొస్తుంటే ఆరోజు గాలి అటు నుంచి ఇటు వీస్తున్నట్టు, అదీ తప్పు కాదు. గాలి ఆడని రోజు మళ్లీ చూడండి. పొగ అసలు కదలకుండా నిలువుగా పైకే లేస్తే రిడ్జ్ కింద జాలి ఎక్కడో మూసుకుపోయింది, లేదా ఫాయిల్‌ని కొప్పు దాకా కలిపి బిగించేశారు. తర్వాత గదిలో తలుపులు వేసి, లైటు చిల్లు దగ్గర అదే ఊదుబత్తి పట్టండి. పొగ పైకి లాగితే ఆ చిల్లుకి ఫోమ్ రింగు వేయాలి. లోపల 2 అడుగుల చదరం హ్యాచ్ ఒకటి పెట్టించుకోండి, మూత అంచుకి రబ్బరు పట్టీతో. ఏటా మార్చిలో ఒకసారి, వానలు ఆగాక ఒకసారి జాలులు బ్రష్‌తో దులపాలంటే అది ఉండాల్సిందే. లోపలికి వెళ్లేది పొద్దున 7 లోపే, కాలు ట్రస్ మీదే, జిప్సమ్ మీద కాదు.